తెచ్చుకున్న కోడ్‌కు పూచీ ఎవరిది?

మంథనిలో పెళ్లి పత్రిక వేయించాలన్నా, గుడి ఉత్సవానికి కరపత్రం తీయించాలన్నా డీటీపీ సెంటర్‌కు పోవాల్సిందే. ఉత్తర తెలంగాణలో ఏ చిన్న పట్టణంలోనైనా అంతే. అక్కడి కంప్యూటర్లలో చాలా చోట్ల ఇప్పటికీ పేజ్‌మేకరే తెరుచుకుంటుంది, దానికి తోడుగా తెలుగు టైపు చేసే అను స్క్రిప్ట్ మేనేజర్ ఉంటుంది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. 2004లో అడోబీ సంస్థ దాని అభివృద్ధిని ఆపేసింది. ఇవాళ అక్కడ కీబోర్డు మీద వేళ్లు ఆడిస్తున్న కుర్రాడు పలక పట్టకముందే ఆ సాఫ్ట్‌వేర్‌ను చేసినవాళ్లు చేతులు దులుపుకున్నారన్నమాట.

మరి ఎందుకు మారలేదు? డబ్బు ఒక కారణం, అలవాటు మరో కారణం. అసలు కారణం ఈ రెండింటికంటే లోతైంది. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల మీద తెలుగు ఆకారాలు తొడిగిన ఏర్పాటు అది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అర్థంపర్థం లేని రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ పేజ్‌మేకర్‌కు తెలియదు. ఏళ్ల తరబడి పేరుకున్న పుస్తకాలు, సావనీర్లు, కరపత్రాల ఫైళ్లన్నీ ఈ జంటను నమ్ముకుని ఉన్నాయి. మార్చే కన్వర్టర్లు లేకపోలేదు. కానీ ఒత్తులూ పొల్లులూ తారుమారై, పుస్తకం మొత్తం మళ్లీ ప్రూఫ్ దిద్దాల్సి వస్తుంది. ఆ ప్రూఫ్ కూలి ఎవరిస్తారన్న దగ్గర మాట ఆగిపోతుంది.

ఆనాడు అను ఫాంట్లు ఎంచుకున్నవాళ్లను తప్పుపట్టే పనిలేదు. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగు ఉంది గానీ, మామూలు కంప్యూటర్‌లో తెలుగు నేరుగా పలికింది విండోస్ ఎక్స్‌పీతో, గౌతమి ఫాంట్‌తో, 2001లో. అంతకుముందు అచ్చు పని ఆగకూడదంటే దొరికినదాన్ని పట్టుకోవడమే మార్గం. లోపం పట్టుకోవడంలో లేదు. ఎప్పుడో ఒకనాడు దీన్ని వదలాల్సి వస్తుంది, అప్పుడు మన అక్షరాలు మనతో వస్తాయా అన్న ప్రశ్న ఎవరూ వేసుకోకపోవడంలో ఉంది. తెలుగు పుస్తక రంగం ఆ ప్రశ్నకు ఇంకా వడ్డీ కడుతోంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లు థర్డ్ పార్టీ కాంపోనెంట్ అనేది ఇలాంటిదే. మనం రాయనిది, మనకు సొంతం కానిది, అయినా మన ప్రోగ్రామ్ కడుపులో ఉండి పనిచేసేది. లైబ్రరీ కావచ్చు, ఫాంట్ కావచ్చు, ఎక్కడో సర్వర్‌లో నడిచే సేవ కావచ్చు. 1957 నుంచి 1977 దాకా మంథని నుంచి శాసనసభకు వెళ్లిన పీవీ నరసింహారావు, అరవై దాటిన వయసులో కంప్యూటర్ నేర్చుకుని బేసిక్, కోబాల్ భాషల్లో ప్రోగ్రాములు రాశారని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. ఆ రోజుల్లో రాసినవాడికి తన ప్రోగ్రామ్‌లోని ప్రతి వరుసా తెలిసేది. ఇవాళ మంథని కళాశాలగా పేరున్న సెంటినరీ కాలనీ జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాలలో కూర్చున్న విద్యార్థి జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గిడ్డంగి ఎన్‌పీఎంకు ఒక్క ఆదేశం ఇస్తే, వందల ప్యాకేజీలు నిమిషంలో వచ్చి ల్యాప్‌టాప్‌లో వాలతాయి. అతను రాసేది వాటి మీద పైపూత మాత్రమే. సినాప్సిస్ సంస్థ 2024 నివేదిక కోసం తనిఖీ చేసిన వాణిజ్య సాఫ్ట్‌వేర్లలో 96 శాతంలో ఓపెన్ సోర్స్ భాగాలున్నాయి. మొత్తం కోడ్‌లో 77 శాతం అలా బయటినుంచి వచ్చిందే. బ్యాంకు యాప్ అయినా, భూరికార్డుల పోర్టల్ అయినా ఇదే వరస.

అయితే అన్నీ మనమే రాసుకుందామా? ఈ మాట అప్పుడప్పుడు స్వావలంబన పేరుతో వినిపిస్తుంటుంది. వినడానికి బాగుంటుంది, చేయడానికి ప్రమాదకరం. పాస్‌వర్డులను దాచే గుప్తలేఖన పద్ధతిని సొంతంగా కనిపెట్టిన కుర్రాడికంటే, ప్రపంచమంతా పదిహేనేళ్లుగా పగలగొట్టాలని చూసి పగలగొట్టలేకపోయిన లైబ్రరీని వాడిన కుర్రాడే తెలివైనవాడు. తెలుగు అక్షరాలను తెరమీద పేర్చే పని కూడా అలాంటిదే. ఏ హల్లు కింద ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో లెక్కకట్టే హార్ఫ్‌బజ్ అనే ఉచిత లైబ్రరీ ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ అన్నింటిలోనూ ఉంది. ఈ పేజీని మీరు ఫోన్‌లో చదువుతుంటే ఆ ఒత్తులను పేర్చింది చాలావరకు అదే. అలాంటిదాన్ని మళ్లీ మొదటినుంచి రాస్తానంటే ఒక జీవితం చాలదు. అరువు తప్పదు. ఏది తేవాలి, ఎలా చూసి తేవాలి అన్నదే సమస్య.

సాధారణంగా చూసేది పేరు. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో మెచ్చుకోలు నక్షత్రాలు ఎన్నున్నాయి, వారానికి ఎన్ని లక్షలమంది దించుకుంటున్నారు, పెద్ద కంపెనీలు వాడుతున్నాయా. ఇవి పనికిరాని ప్రశ్నలని కాదు. కానీ ఆ లక్షలమందిలో ఒత్తులు రాసేవాళ్లు ఎంతమంది? తెలుగులో పనిచేసేవాడికి పేరున్న భాగం పనికొచ్చే భాగం కాకపోవచ్చు. ఇందుకు పీడీఎఫ్ లైబ్రరీలే సాక్ష్యం.

ధ్రువపత్రం, రసీదు, మార్కుల మెమో, పన్ను బిల్లు. ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ ఏదైనా చివరికి ఒక పీడీఎఫ్ కాగితం కక్కాల్సిందే. ఆ కాగితం తయారుచేయడానికి జావాలో ఐటెక్స్ట్, జావాస్క్రిప్ట్‌లో జేఎస్‌పీడీఎఫ్, పీహెచ్‌పీలో ఎఫ్‌పీడీఎఫ్ వంటివి ఎంతో కాలంగా పేరున్నవి. ఇంగ్లిష్‌తో అద్భుతంగా పనిచేస్తాయి. ‘స్త్రీ’ అని ఇచ్చి చూడండి. జేఎస్‌పీడీఎఫ్, ఎఫ్‌పీడీఎఫ్ అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పెడతాయే తప్ప ఒత్తులు కూర్చడం వాటికి తెలియదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అన్నీ విడివిడిగా వరుసలో నిలబడతాయి. ఐటెక్స్ట్ 5 పరిస్థితీ అదే. ఆ తర్వాత వచ్చిన ఐటెక్స్ట్ 7లో భారతీయ లిపుల కూర్పు వచ్చింది, కానీ పీడీఎఫ్ కాలిగ్రాఫ్ అనే వేరే అనుబంధంగా, డబ్బు కట్టి కొనుక్కునేదిగా వచ్చింది. ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజు నమూనా పత్రంలో ఇంగ్లిష్ పేరు పెట్టి చూసి, ‘బాగుంది’ అని తీసుకున్న బృందానికి ఈ సంగతి తెలిసేది తెలుగు పత్రం అచ్చుతీసిన రోజున. అప్పటికి ఆ లైబ్రరీ చుట్టూ వేల వరుసల కోడ్ అల్లుకుపోయి ఉంటుంది.

దీనికి చాలామంది కనిపెట్టుకున్న అడ్డదారి ఒకటుంది. తెలుగు పత్రాన్ని వెబ్ పేజీగా తయారుచేసి, డబ్ల్యూకే హెచ్‌టీఎంఎల్ టు పీడీఎఫ్ అనే పనిముట్టుతో కాగితంగా మార్చడం. బ్రౌజర్ ఇంజిన్ కాబట్టి ఒత్తులు సరిగ్గా పడతాయి. చక్కటి ఉపాయమే. కానీ అది ఆధారపడిన ఇంజిన్ ఏనాడో పాతబడింది. 2023 జనవరిలో ఆ ప్రాజెక్టునే మూసి అటకెక్కించారు. ఇప్పుడు దాంట్లో భద్రతాలోపం బయటపడితే సరిచేసే నాథుడు లేడు. దానికి బదులు తెర లేకుండా నడిచే క్రోమ్‌ను వాడుకోవచ్చు, 2017 నుంచి ఆ వీలుంది. అయితే మారాలంటే ముందు తమ వ్యవస్థలో ఏ మూల ఏ పనిముట్టు ఉందో తెలియాలి కదా.

తెలుగుకు మరో చిక్కు కంటికి కనిపించదు. ‘కరీంనగర్’ అనే మాటను రెండు రకాలుగా టైపు చేయవచ్చు. చివరి పొల్లు దగ్గర ఆగితే ఒకటి. ఆ పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు తమంతట తామే చేర్చే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య అక్షరంతో కలిపితే మరొకటి. తెరమీద రెండూ ఒక్కలాగే ఉంటాయి. కంప్యూటర్‌కు మాత్రం రెండు వేర్వేరు ఊళ్లు. వెతుకులాట కోసం, పేర్లు సరిపోల్చడం కోసం తెచ్చుకున్న లైబ్రరీ ఈ అదృశ్య అక్షరాన్ని పట్టించుకోకపోతే ఒక జాబితాలో ఉన్న మనిషి ఇంకో జాబితాలో కనిపించడు. పింఛనుకో, రేషన్ కార్డుకో పేర్లు పోల్చే చోట ఇది సాంకేతిక ముచ్చటగా మిగలదు, ఇంటి ఖర్చుల దాకా వస్తుంది.

పెద్ద కంపెనీ చేసింది కాబట్టి ఇలాంటివి చూసుకునే ఉంటుందిలే అనుకోవడానికి లేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఒక్కటి వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఈ అదృశ్య అక్షరమే, చివర దీర్ఘం. ఈ వరుస ఎదురయ్యేసరికి ఆపిల్ అక్షరాల ఇంజిన్ తడబడింది. వాట్సాప్, మెసెంజర్, జీమెయిల్ తయారీదారులు ఏ తప్పూ చేయలేదు, అక్షరాలు చూపే పనిని ఫోన్‌లోని భాగానికి అప్పగించారంతే. ఆ భాగం పడిపోయేసరికి అవన్నీ పడిపోయాయి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చాకే సర్దుకుంది. ప్రపంచపు అత్యంత ఖరీదైన ఫోన్‌ను మన జ్ఞానం పడగొట్టిందని అప్పట్లో నవ్వుకున్నాం. మన లిపిలో ఎదురయ్యే ఇలాంటి వరుసలు వాళ్ల పరీక్షల్లో లేవన్న సంగతి ఆ నవ్వులో మరుగున పడింది.

పని చేస్తుందా అన్నది తేలాక, ఎవరు చూసుకుంటున్నారు అన్న ప్రశ్న వస్తుంది. ప్రపంచంలోని సురక్షిత వెబ్‌సైట్లలో అత్యధికం వాడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడింది. అప్పుడు తెలిసింది, అంత పెద్ద భారాన్ని మోస్తున్న ప్రాజెక్టుకు ఏడాదికి వస్తున్న విరాళాలు దాదాపు 2,000 డాలర్లేనని. 2021 డిసెంబర్‌లో లాగ్4జే లోపం ప్రపంచాన్ని కుదిపేసినప్పుడు రాత్రింబవళ్లు కూర్చుని సరిచేసినవాళ్లు స్వచ్ఛంద కార్యకర్తలు. లాగ్4జే చేసేది దినచర్య రాయడం లాంటి చిన్న పని, ప్రోగ్రామ్‌లో ఏం జరిగిందో నమోదు చేయడం. ఆ నమోదులోకి వచ్చిన మాటను ఆదేశంగా తీసుకుని బయటి సర్వర్ నుంచి కోడ్ తెచ్చి నడిపే వీలు అందులో 2013లో చేరింది. ఎవరో అడిగారు, చేర్చారు. ఎనిమిదేళ్లు ఎవరి కంటా పడలేదు. లోపం తీవ్రతకు పదికి పది మార్కులు వేశారు. అయితే లోపం కంటే ఎక్కువ వేధించింది వెతుకులాట. తాము లాగ్4జే వాడుతున్నామో లేదో చాలా సంస్థలకు తెలియదు. వాళ్లు తెచ్చుకున్న భాగంలోని భాగంలో అది దాగి ఉంది.

పెళ్లి సంబంధం కలుపుకోవాలంటే అటేడు తరాలూ ఇటేడు తరాలూ చూడాలంటారు. ప్యాకేజీ కూడా ఒంటరిగా రాదు, బంధువర్గంతో వస్తుంది. 2016 మార్చి 22న లెఫ్ట్‌ప్యాడ్ అనే ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తీసేశాడు. పేరు విషయంలో ఒక కంపెనీతో గొడవపడి, అలిగి చేసిన పని. అందులో ఉన్నది పదకొండు వరుసల కోడ్, మాటకు ఎడమవైపు ఖాళీలు చేర్చడం దాని పని. అది లేకపోయేసరికి బాబెల్ వంటి పెద్ద ప్రాజెక్టులు సైతం తయారుకాక నిలిచిపోయాయి. పదకొండు వరుసల కోసం అపరిచితుడి మీద ఆధారపడటం ఏమిటని అప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు. ఆ అలవాటు మాత్రం తగ్గలేదు.

అన్నింటికంటే ఆలోచింపజేసేది 2024 మార్చి నాటి ఎక్స్‌జెడ్ ఉదంతం. ఫైళ్లను కుదించే ఈ లైబ్రరీని ఏళ్లుగా చూసుకుంటున్నది ఒకే ఒక్క మనిషి, లాసె కొలిన్. అలసిపోయాడు, ఆరోగ్యం సహకరించడం లేదని చెప్పాడు. పని ఎందుకు నెమ్మదిగా సాగుతోందని కొత్త కొత్త పేర్లతో కొందరు ఒత్తిడి పెట్టారు. అదే సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి ఓపిగ్గా సాయం చేశారు. రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, బాధ్యత చేతికి తీసుకుని, చివరికి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. ఆ మనిషెవరో నేటికీ తేలలేదు. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని అనుమానించి తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు దాన్ని పట్టుకోకపోతే, లోకంలోని లైనక్స్ సర్వర్లలో పెద్ద భాగానికి దొంగతాళం తయారై ఉండేది. ఈ భాగాన్ని ఎంచుకున్నవాళ్లు ఎన్ని తనిఖీలు చేసినా కోడ్‌లో తప్పు దొరికేది కాదు, ఎంచుకున్ననాటికి తప్పు లేదు. అలసిపోయిన ఒంటరి మనిషి మాత్రం అందరికీ కనిపించేలా ఉన్నాడు. అది చూడాల్సిన ప్రమాద సూచిక అని ఎవరికీ తోచలేదు.

అందుకే నా లెక్కలో భాగం ఎంపిక అంటే వస్తువు ఎంపిక కాదు, సంరక్షకుడి ఎంపిక. ఎంతమంది చూసుకుంటున్నారు, వాళ్ల జీతం ఎక్కడినుంచి వస్తోంది, గత లోపాన్ని ఎన్ని రోజుల్లో సరిచేశారు, వాళ్లు మానేస్తే మనం చూసుకోగలమా. ఈ నాలుగూ అడిగినవాడు గిట్‌హబ్ నక్షత్రాల దగ్గర ఆగిపోడు.

సేవల రూపంలో తెచ్చుకునే భాగాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అక్కడ పగ్గం పూర్తిగా ఎదుటివాడి చేతిలోనే ఉంటుంది. 2018లో గూగుల్ మ్యాప్స్ ధరల విధానం మార్చినప్పుడు ఉచితంగా అలవాటుపడ్డ చిన్న కంపెనీలు ఒక్కసారిగా బిల్లు చూసి బిత్తరపోయాయి. 2024 జూలై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. విమాన సంస్థల కంప్యూటర్లూ ఆగిపోయిన ఆ రోజు దేశమంతా చూసిన చేతిరాత బోర్డింగ్ పాస్ మన శంషాబాద్ నుంచి కోల్‌కతాకు వెళ్లిన ప్రయాణికుడిదే.

లైసెన్సు సంగతి మాత్రం మన దగ్గర ఎవరూ చదవరు. ఐటెక్స్ట్‌నే మళ్లీ తీసుకుందాం. 2009 చివర్లో వచ్చిన ఐదో వెర్షన్ నుంచి అది ఏజీపీఎల్ లైసెన్సులోకి మారింది. ఆ లైసెన్సు ప్రకారం దాన్ని వాడి నెట్‌లో సేవ నడిపేవారు తమ కోడ్ కూడా బయటపెట్టాలి, లేదంటే వాణిజ్య లైసెన్సు కొనాలి. ఉచితం అనే ఒక్క మాట చూసి తెచ్చుకున్నవాళ్లకు ఈ షరతు కనిపించదు. విండోస్‌లోని గౌతమి ఫాంట్‌ను కాపీ చేసి లైనక్స్ సర్వర్‌లో పెట్టుకునేవాళ్లూ ఇదే కోవలోకి వస్తారు. స్వేచ్ఛగా వాడుకోగల నోటో తెలుగు ఫాంట్లు పక్కనే ఉన్నా అలవాటు చేయి అటు పోనివ్వదు. షరతులు మధ్యలో మారనూ వచ్చు. 2024 మార్చిలో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ రెడిస్ తన లైసెన్సు మార్చింది. దాన్ని వాడుకుంటున్న పెద్ద కంపెనీలు కలిసి లైనక్స్ ఫౌండేషన్ నీడలో వాల్‌కీ పేరుతో వేరుకుంపటి పెట్టుకున్నాయి. ఏడాది తిరిగేసరికి రెడిస్ మళ్లీ ఓపెన్ సోర్స్ దారి పట్టింది. పెద్ద కంపెనీలకు వేరుకుంపటి పెట్టే స్తోమత ఉంది. హనుమకొండలోనో కరీంనగర్‌లోనో పదిమందితో నడిచే కంపెనీకి లేదు.

ప్రభుత్వం విషయానికి వస్తే ఎంచుకునేది లైబ్రరీని కాదు, మొత్తం వ్యవస్థను. ప్రశ్నలు మాత్రం అవే. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు జరిగింది ఈ రాష్ట్రం మరువలేనిది. ఫలితాల ప్రాసెసింగ్‌ను గ్లోబరీనా టెక్నాలజీస్ అనే ప్రైవేట్ సంస్థకు అప్పగించారు. ఉమ్మడి ఆదిలాబాద్‌కు చెందిన ఒక విద్యార్థినికి తెలుగులో 99 రావాల్సింది 00 వచ్చింది. నిజానికి ఆ పొరపాటు జవాబు పత్రం దిద్దినవారు గడులు నింపడంలో చేసింది. మనిషి పొరపాటు చేస్తాడు. మొదటి ఏడాది బాగా చదివిన పిల్లకు రెండో ఏడాది అదే సబ్జెక్టులో సున్నా వస్తే ఒక్క క్షణం ఆగి అడిగే నియమం వ్యవస్థలో ఎందుకు లేదన్నదే ప్రశ్న. విద్యార్థుల ఆత్మహత్యలతో రాష్ట్రం అట్టుడికింది. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. ఫెయిలైన 3.8 లక్షల మందికి పైగా విద్యార్థుల జవాబు పత్రాలను ఉచితంగా మళ్లీ పరిశీలిస్తే 1,137 మంది పాసయ్యారు. కొత్త వ్యవస్థను ఒకటి రెండు పరీక్షలపాటు పాతదానితో పక్కపక్కనే నడిపి, రెండింటి ఫలితాలూ పోల్చడం సాఫ్ట్‌వేర్ రంగంలో పాత ఆచారమే. దానికి పట్టేది కొంత డబ్బు, కొంత ఓపిక.

ధరణి పోర్టల్ మరో రకం పాఠం. భూరికార్డుల పనిని 2018లో ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ టెక్నాలజీస్‌కు ఇచ్చారు. అదే ఏడాది దాని మాతృసంస్థ అప్పులు కట్టలేక దేశ ఆర్థిక వ్యవస్థనే కంగారు పెట్టింది. కంపెనీ పేరు తర్వాత టెరాసిస్‌గా మారింది. 2020 అక్టోబర్ 29న మూడుచింతలపల్లిలో ధరణి మొదలైంది, 2024లో నిర్వహణను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీకి మార్చాలని ప్రభుత్వం నిర్ణయించింది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. ధరణి మంచిదా చెడ్డదా అన్న రాజకీయ వాదన ఎటు తేలినా సాంకేతిక ప్రశ్న నిలిచే ఉంటుంది. కాంట్రాక్టు ఇచ్చిన రోజు ఉన్న సంస్థ, నాలుగేళ్ల తర్వాత అదే యజమానులతో, అదే పేరుతో ఉంటుందన్న భరోసా ఎవరిచ్చారు? మంథని రైతు పట్టా వివరాలు ఒక చేతినుంచి ఇంకో చేతికి మారేటప్పుడు డేటా, కోడ్, తాళాలు, వాటిలో ఇమిడి ఉన్న బయటి భాగాల లైసెన్సులు అన్నీ కలిసి వస్తాయని ఒప్పందంలో మొదటి రోజే రాసి ఉండాలి. అలా రాయించడానికి ఖర్చు కాదు, తెలివి కావాలి.

రాసుకోవడానికి పనికొచ్చే సరంజామా కొంత ఇప్పటికే ఉంది. కేంద్ర ప్రభుత్వ 2015 నాటి ఓపెన్ సోర్స్ విధానం, టెండర్లలో ఓపెన్ సోర్స్‌ను తప్పనిసరిగా పరిశీలించాలని, కాదంటే కారణం రాయాలని చెప్పింది. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబర్‌లో సాఫ్ట్‌వేర్ బిల్ ఆఫ్ మెటీరియల్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలున్నాయి, ఏ వెర్షన్, ఎవరు చేశారు, ఏ లైసెన్సు అన్నీ రాసి ఇచ్చే జాబితా అది. లాగ్4జే లాంటిది మళ్లీ వస్తే, ఈ జాబితా ఉన్న శాఖ గంటలో జవాబు చెబుతుంది. లేని శాఖ కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి ఎదురుచూస్తుంది. యూరప్ ఇంకాస్త ముందుకెళ్లి, సైబర్ రెజిలియన్స్ చట్టంతో 2027 డిసెంబర్ నుంచి అమ్మేవాడి మీదే ఈ బాధ్యత పెడుతోంది. హైదరాబాద్ నుంచి అక్కడికి సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలు ఎలాగూ నేర్చుకోక తప్పదు. అలా నేర్చుకున్నది మన శాఖలకూ ఇవ్వాలని అడగడంలో తప్పేముంది?

2023 డిసెంబర్‌లో రాష్ట్ర ఐటీ శాఖ బాధ్యత చేపట్టింది మంథని శాసనసభ్యుడు దుద్దిళ్ల శ్రీధర్‌బాబే. ఈ వ్యాసం ఆయన నియోజకవర్గం పేరుతో మొదలవడానికి అదొక్కటే కారణం కాదు గానీ, అడగాల్సిన చోటు మాత్రం అదే. తెలంగాణ ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ టెండర్లలో మూడు షరతులు పెడితే చాలా మారుతుంది. భాగాల జాబితా లేకుండా చివరి బిల్లు చెల్లించకూడదు. కాంట్రాక్టు ముగిసేలోపు ఒకసారైనా వేరే బృందం ఆ వ్యవస్థను మొదటినుంచి తయారుచేసి నడిపి చూపాలి, అప్పగింత నిజమో కాదో అక్కడ తేలుతుంది. మూడోది మనకు మాత్రమే ప్రత్యేకం, తెలుగు పరీక్ష. ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘జ్ఞా’, పొల్లుతో ముగిసే ఊరిపేర్లు, అదృశ్య అక్షరం ఉన్నవీ లేనివీ, ఇలా ఒక పరీక్షా పదాల పట్టిక ఐటీ శాఖ ప్రకటించి, అచ్చు, వెతుకులాట, వరుసక్రమం మూడింటిలోనూ ప్రతి భాగం నెగ్గాలని చెప్పాలి. అతి తక్కువ ధర కోట్ చేసినవాడికే పని పోయే పద్ధతిలో ఇలాంటివి ముందుగా రాయకపోతే తర్వాత ఎవడూ ఉచితంగా చేయడు.

చిన్న కంపెనీలకు, విద్యార్థులకు చెప్పదగింది ఇంతకంటే మామూలుది. బయటి లైబ్రరీని కోడ్ అంతటా చల్లకుండా, ఒక్క చోట సొంత పొర వెనక పెట్టుకుంటే రేపు మార్చడం ఒక్క చోటి పని అవుతుంది. వెర్షన్లను బిగించి ఉంచాలి. పది వరుసల్లో అయిపోయేదాన్ని రాసుకోవాలి. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. పుస్తకాల్లో లేని అవకాశం ఒకటి వీళ్ల ముందుంది. జావాలో పీడీఎఫ్‌లు తయారుచేసే అపాచే పీడీఎఫ్‌బాక్స్‌లోకి భారతీయ లిపుల కూర్పు బెంగాలీతో మొదలై వచ్చింది.  ఆ అవసరం తెలిసిన డెవలపర్ కోడ్ రాసి పంపితే, ప్రాజెక్టు వాళ్లు పరిశీలించి కలుపుకున్నారు. ఆ దారిలోనే తర్వాత దేవనాగరి, గుజరాతీ వచ్చాయి. సెంటినరీ కాలనీ కళాశాలలో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా ఏటా మళ్లీ మళ్లీ చేసే లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాజరు పట్టిక సాఫ్ట్‌వేర్ల బదులు, ఒక ప్రసిద్ధ లైబ్రరీ తీసుకుని, అది తెలుగులో ఎక్కడ తప్పుతోందో పరీక్షలు రాసి, సవరణ పంపే పని నలుగురు విద్యార్థులకు ఒక సెమిస్టర్‌కు సరిగ్గా సరిపోతుంది. ప్రాజెక్టు నిర్వాహకులు దాన్ని తిప్పి పంపినా, ఎందుకు తిప్పి పంపారో రాసి పంపుతారు. కాలేజీ వైవాలో దొరకని విమర్శ అది.